బ్యూటీ పార్లరూ - మన కథకులూ

1

గత ఏడాది ఒక కథల పోటీకి వచ్చిన కథలను పరిశీలించే పని నా మీద పడింది. దాదాపు ఎనభై కథలు చదివాను. వాటిలో ఐదు కథల్లో బ్యూటీ పార్లరు కనిపించింది. ఐదింటిలోనూ అది చేసే పని ఒక్కటే. మొగుడి సంపాదన తగలేసే భార్య అక్కడికి వెళుతుంది. అత్తకు మందు కొనని కోడలు అక్కడికి వెళుతుంది. కాంట్రాక్టరు పెళ్ళాం కారులో అక్కడికి వెళుతుంది. ఒక స్త్రీ పార్లరు తలుపు తీసిందంటే చాలు, ఆమె చెడ్డదని పాఠకుడు గ్రహించాలి. పైన పటారం, లోన లొటారం. ఆ గదితో కథకునికి అంతకు మించి పని లేదు. ఐదుగురు రచయితల్లో ఒక్కరూ గది లోపలికి వెళ్ళలేదు.

ఆ కథల్లోనే రెండో రకం స్త్రీ కూడా ఉంది. ఆమె నాట్లు వేస్తుంది, రాళ్ళు మోస్తుంది. ఆమె నుదుటి మీద చెమట ముత్యాలై మెరుస్తుంది. ఏ పూతా లేని ఆ ముఖంలో రచయితకు శ్రమ సౌందర్యం కనిపిస్తుంది. ఇది అభ్యుదయ దృష్టి అని మనం చాలాకాలంగా అనుకుంటున్నాం. కాస్త ఆగి ఆలోచిస్తే, మొదటి స్త్రీని నిందించడానికీ రెండో స్త్రీని పొగడడానికీ వాడిన కొలబద్ద ఒక్కటేనని తెలుస్తుంది. చూసేవాడి కంటికి ఆమె ఎలా కనిపిస్తోంది? ఇద్దరిలో ఎవరికీ తన ముఖం గురించి తన సొంత అభిప్రాయం ఒకటి ఉన్నట్టు ఆ కథలు ఒప్పుకోవు.

ఇతరులను అనే ముందు నా సంగతి చెప్పాలి. పదేళ్ళ క్రితం ఇటువంటి కథనే మెచ్చుకుంటూ నేను ఒక సమీక్ష రాశాను. వినిమయ సంస్కృతి మీద కొరడా దెబ్బ అన్నాను. అప్పటికి నేను పార్లరు గడప తొక్కిన మనిషిని కాను. తెలియని వస్తువు మీద రాసిన కథను తెలియని విమర్శకురాలు మెచ్చుకున్నదన్న మాట. ఈసారి ఆ పొరపాటు చేయదలచుకోలేదు. నేను పనిచేసే పట్నంలో, ఒక ఇంటి ముందు గదిలో నడిచే చిన్న పార్లరుకు నాలుగు నెలల పాటు వెళ్ళాను. పరిశీలకురాలిగా కుర్చీ వేసుకుని కూర్చోలేదు. డబ్బిచ్చి, నా ముఖమే అప్పగించాను. అక్కడ చూసినదీ, ఆ తర్వాత తెలుసుకున్నదీ మన రచయితలకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం.

2

ముందుగా అక్కడ జరిగే పనులేమిటో తెలియాలి. కమ్మరి కొలిమి గురించి, మగ్గం గుంట గురించి తెలుసుకుని రాసే రచయిత ఈ గది గురించి మాత్రం ఊహించి రాస్తాడు.

అన్నిటికంటె చవకది కనుబొమలు తీయించుకోవడం. మేము వెళ్ళిన చోట యాభై రూపాయలు. నూలు దారాన్ని ఒక కొస పళ్ళ మధ్య పట్టి, రెండు చేతులతో మెలిపెట్టి, ఆ మెలికలో వెంట్రుకను ఇరికించి లాగుతారు. నొప్పికి కళ్ళవెంట నీళ్ళు వస్తాయి. పడుకున్న మనిషికి నొప్పి ఐదు నిమిషాలు. వంగి నిలబడ్డ మనిషికి పెళ్ళిళ్ళ రోజుల్లో అది పొద్దున్నించీ రాత్రి దాకా. దారం రాసుకుని ఆమె పెదవి కొసన గీత పడింది. మెడ నొప్పికి సాయంత్రాలు పట్టీ కట్టుకుంటుంది.

తర్వాతది బ్లీచు. హైడ్రోజన్ పెరాక్సైడు ఉన్న క్రీములో అమ్మోనియా లవణాల పొడి కలిపి ముఖానికి పూస్తారు. ఇది చర్మాన్ని తెల్లబరుస్తుందని మనలో చాలామంది నమ్మకం. అది చేసేది వేరు. ముఖం మీది సన్నని నూగు వెంట్రుకల్లో ఉండే నల్లని వర్ణకాన్ని ఆక్సీకరణం చేసి పోగొడుతుంది. నూగు బంగారు రంగుకు తిరగగానే ముఖం వెలిగినట్టు కనిపిస్తుంది. చర్మం మాత్రం ఎప్పటి రంగులోనే ఉంటుంది. నా విషయంలో వెలుగు కంటె మంట ఎక్కువైంది. మూడు రోజులు బుగ్గలు కంది ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు జ్వరమా టీచర్ అని అడిగారు.

ఫేషియలు అంటే ముఖం కడగడం, గరుకు పొడితో రుద్ది మృతకణాలు తీయడం, ఆవిరి పట్టడం, మర్దన చేయడం, లేపనం వేయడం. మర్దన వల్ల చర్మానికి రక్తప్రసారం పెరిగి కొంతసేపు నిగారింపు వస్తుంది. సున్నిపిండితో నలుగు పెట్టినప్పుడు జరిగేదీ చాలావరకు ఇదే. తేడా ఏమిటంటే, నలుగు ఇంట్లో పెద్దముత్తయిదువ పెట్టేది. ఇది ఆరువందలకు కొనుక్కునేది.

జుట్టు సాఫు చేయడం వీటన్నిటికంటె ఖరీదు, ప్రమాదమూ ఎక్కువ. వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. ఆ మాంసకృత్తులోని గంధకపు బంధాలు వెంట్రుక ఒంపును నిలిపి ఉంచుతాయి. మందు పూసి ఆ బంధాలు తెంపి, కాల్చిన ఇనుప పట్టీల మధ్య వెంట్రుకను తిన్నగా లాగి, మరో మందుతో మళ్ళీ బంధాలు కలుపుతారు. కొత్తగా మొలిచే జుట్టు మాత్రం పుట్టిన ఒంపుతోనే మొలుస్తుంది. అందుకని కొన్ని నెలలకొకసారి మళ్ళీ రావాలి. ఈ తరహా మందులు కొన్నిటిని వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడు వాయువు వెలువడుతుంది. అది మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. 2022లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, ఏడాదికి నాలుగు సార్లకు మించి జుట్టు సాఫు చేసే మందులు వాడిన స్త్రీలలో గర్భాశయ క్యాన్సరు ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. అవే కారణమని అది తేల్చి చెప్పలేదు గాని, హెచ్చరిక హెచ్చరికే. నేను ఈ చికిత్స చేయించుకోలేదు. పక్క కుర్చీలో జరుగుతుంటే చూశాను. పొగకు నా కళ్ళు మండాయి. ఆ గదికి ఉన్నది ఒక్క కిటికీ. లోపల పార్లరు ఉంది గనుక దానికీ మందపాటి తెర.

ఇన్ని చెప్పిన తర్వాత దాచకూడని విషయం మరొకటి ఉంది. ఫేషియలు నాకు బాగుంది. చల్లని చేతులు నుదుటి మీద, చెంపల మీద తిరుగుతుంటే నిద్ర పట్టింది. చిన్నప్పుడు ఆదివారాలు మా అమ్మ తలంటి పోసేది. ఆ తర్వాత నా తల మీద ఇంత ఓపికగా ఎవరూ చేయి వేయలేదు. బడి, ఇల్లు, పరీక్ష పేపర్లు, పెద్దవాళ్ళ మందులు చూసుకునే స్త్రీని ఎవరైనా ఒక గంట చూసుకోవడం మామూలు విషయం కాదు. ఈ సుఖాన్ని లెక్కలోకి తీసుకోని విశ్లేషణ, అది ఎంత అభ్యుదయకరమైనదైనా, సగం అబద్ధం.

3

ఇక అక్కడికి ఎవరు వస్తారన్న ప్రశ్న. నాలుగు నెలల్లో నేను కాంట్రాక్టరు భార్యను ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె వెళ్ళే చోట్లు పెద్ద నగరాల్లో వేరే ఉన్నాయి. ఇక్కడ నేను చూసినవారిలో ముగ్గురి గురించి చెబుతాను.

ఒకామె బట్టల షాపులో సేల్సుగర్లు. జీతం తొమ్మిది వేలు. కనుబొమలు దిద్దుకుని, పెదవులకు రంగు వేసుకుని రావాలని సూపర్‌వైజరు నియమం. లేకపోతే చీరల కౌంటరు నుంచి మేడ మీద గోడౌనుకు పంపుతాడు. అక్కడ అమ్మకాల మీద కమీషను ఉండదు. నెలకు నాలుగు వందల దాకా ముఖానికి ఖర్చవుతుంది. వీటికి షాపు ఒక్క పైసా ఇవ్వదు. యంత్రానికి నూనె వేసే ఖర్చు యజమాని భరిస్తాడు. ఇక్కడ ముఖమే పనిముట్టు, దాని మరమ్మతు మాత్రం కూలి మనిషి నెత్తిన.

రెండో ఆమె డిగ్రీ చదివే అమ్మాయి. రెండు సంబంధాలు రంగు దగ్గర తప్పిపోయాయి. మూడోవాళ్ళు కట్నం ఎక్కువ అడుగుతున్నారు. తల్లి పక్కన కూర్చుని, మాఘమాసం నాటికి ఎంత తెల్లబడుతుందని పార్లరామెను అడిగింది. బేరం లాగే అడిగింది. నలుపు నారాయణుడు మెచ్చు అని మనకో సామెత ఉంది. నిజమే. నారాయణుడు కట్నం అడగడు.

ఈ అమ్మాయి వెనక ఒక పెద్ద వ్యాపారం ఉంది. నల్లని చర్మంలోనూ తెల్లని చర్మంలోనూ వర్ణకాన్ని తయారుచేసే కణాల సంఖ్య దాదాపు సమానమే. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ తీరున పరుచుకుంది అన్న దాంట్లోనే తేడా. ఆ మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి మనిషిని కాపాడుతుంది. అంటే మన ఎండలకు మన ఒంటి రంగు ఒక గొడుగు. ఆ గొడుగును జబ్బుగా చూపించి మందు అమ్మడం మొదలైంది. హిందుస్తాన్ లీవరు 1975లో ఫెయిర్ అండ్ లవ్లీని బజారులోకి తెచ్చింది. రంగు తక్కువ కావడం వల్ల ఉద్యోగం రాని కూతురు, క్రీము రాసుకుని ఉద్యోగం సంపాదించి తండ్రిని ఉద్ధరించే ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐద్వా ఆందోళన చేసి ఫిర్యాదులు చేయగా 2003లో అటువంటి ప్రకటనల ప్రసారం ఆగింది. 2020లో, అమెరికాలో నల్లజాతి వారి ఉద్యమం ప్రపంచమంతా ప్రతిధ్వనించిన తర్వాత, కంపెనీ ఆ క్రీము పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చింది. పేరులో తెలుపు పోయి మెరుపు వచ్చింది.

పెద్ద కంపెనీల క్రీము కొనలేని వాళ్ళు మందుల షాపులో దొరికే స్టీరాయిడు పూతలు రాసుకుంటారు. మొదట ముఖం తేటపడుతుంది. పోను పోను చర్మం పలచబడి, ఎండలోకి వస్తే మండుతుంది. మానేస్తే మొటిమలు, ఎర్రదనం పైకి ఉబుకుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడు పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన తెచ్చింది. ఆ అమ్మాయి సంచిలో అటువంటి ట్యూబు ఒకటి ఉంది. చీటీ ఎక్కడిదని నేను అడిగితే తల్లి నావైపు వింతగా చూసింది.

మూడో ఆమె గురించి చెప్పడం నాకు ముఖ్యం. పక్క ఊరి నుంచి వచ్చిన కూలి మనిషి. మిరప కోతలకు వెళుతుంది. కొడుకు పెళ్ళికి రెండు రోజుల ముందు కనుబొమలు తీయించుకోవడానికి వచ్చింది. ఘాటుకు పగిలిన చేతులు కొంగు కింద దాచుకుని కూర్చుంది. సిగ్గుపడుతూ నాతో అన్నది: "ఫొటోల్లో నేనూ ఉంటాను గదమ్మా."

మన కథల్లో చెమట ముత్యాల స్త్రీ ఈమే. పార్లరు తలుపు తోసుకుని లోపలికి రాగానే ఈమె ఏమవుతుంది? మన సూత్రం ప్రకారం మొదటి రకం స్త్రీ అయిపోవాలి. అలా కాలేదు. యాభై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి, అద్దంలో ఒకసారి చూసుకుని, బస్సు వేళ అయిందని వెళ్ళిపోయింది. సూత్రమే తప్పని నాకు ఆమె వల్లనే బోధపడింది.

4

ఆ గదిలో పనిచేసే మనిషి మన కథల్లోకి బొత్తిగా రాలేదు.

నేను వెళ్ళిన పార్లరు నడిపే ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. బంగారు గొలుసు తాకట్టు పెట్టి ఆరు నెలల కోర్సు చదివింది. గది అద్దె, కరెంటు, అరువుకు తెచ్చిన క్రీముల బాకీ పోగా మిగిలేది పెళ్ళిళ్ళ నెలల్లో కొంత, శూన్యమాసాల్లో ఏమీ లేదు. దగ్గర ఒక సహాయకురాలు, ఇరవై ఏళ్ళ పిల్ల, నెలకు ఐదు వేలు. బ్లీచు కలిపి కలిపి ఇద్దరి వేళ్ళూ పగిలాయి. ఎప్పుడైనా మీరు ఫేషియలు చేయించుకున్నారా అని అడిగాను. "ఆ గంట నాకెవరిస్తారు టీచరుగారూ" అన్నది.

క్షురకవృత్తికి మన సమాజం ఒక కులాన్ని కట్టుబానిసగా చేసింది. మనుషుల వెంట్రుకను, మైలను ముట్టుకునే పని గనుక ఆ కులాన్ని తక్కువ చేసింది. అదే పని అద్దాల తలుపు వెనక్కి వచ్చి ఇంగ్లీషు పేరు పెట్టుకోగానే వేరు వేరు కులాల స్త్రీలు అందులోకి వచ్చారు. ఇది చిన్న మార్పు కాదు. అయితే పాత చూపు పూర్తిగా పోలేదు. కాళ్ళకు పెడిక్యూరు చేయించుకునే మనిషి, చేసే మనిషితో మాట్లాడే తీరులో అది ఇంకా వినిపిస్తుంది.

నగరాల్లో ఇదే పని ఫోను ద్వారా ఇంటికి వస్తున్నది. 2014లో మొదలైన అర్బన్ కంపెనీ ఈ రంగంలో పెద్దది. బ్యూటీషియన్లను అది ఉద్యోగులనదు, భాగస్వాములు అంటుంది. 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో ఆ స్త్రీలు కంపెనీ ఆఫీసు ముందు ధర్నా చేశారు. కంపెనీ కోసుకునే కమీషను మీద, సరుకులు కంపెనీ దగ్గరే కొనాలన్న నిర్బంధం మీద, మార్కులు తగ్గితే పని ఆపేసే పద్ధతి మీద వారి పోరాటం. డిసెంబరులో మళ్ళీ కూర్చుంటే కంపెనీ వారి మీద కోర్టుకెక్కింది. పనిముట్లు తమవి, నష్టం తమది, క్రమశిక్షణ మాత్రం యజమానిది. కార్మికవర్గం గురించి రాసే మనకు ఇంతకంటె కొత్త వస్తువు ఏం కావాలి?

ఆ గదిలోని వస్తువుల వెనక కూడా మనుషులున్నారు. కనురెప్పల రంగులో, గోళ్ళ రంగులో తళుకు అభ్రకం వల్ల వస్తుంది. నెల్లూరు ప్రాంతంలో గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల సంగతి మనకు తెలిసిందే. జార్ఖండులోని కోడర్మా, గిరిడీ జిల్లాల్లో మూతపడ్డ గనుల బొరియల్లో పిల్లలు అభ్రకం ఏరుతున్నారనీ, మట్టిపెళ్ళలు విరిగిపడి చనిపోతున్నారనీ 2016లో పత్రికా పరిశోధనల్లో బయటపడింది. ఇక జుట్టు. తిరుమలలో భక్తులు మొక్కు తీర్చుకుని ఇచ్చిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో దాని మీద వచ్చే ఆదాయం ఏటా వంద కోట్ల రూపాయలకు పైనే. ఆ జుట్టు విదేశాల్లో విగ్గులుగా, అతుకు జడలుగా అమ్ముడవుతుంది. దేవుడికి అహంకారం వదులుకుంటున్నానని ఒక స్త్రీ ఇచ్చినది, మరో స్త్రీకి అందంగా వేలకు వేలు పలుకుతుంది. మధ్యలో జుట్టు చిక్కు తీసే స్త్రీకి దక్కేది దినకూలి.

5

మన సాహిత్యంలో స్త్రీ శరీరం కొత్త వస్తువు కాదు. ప్రబంధాల్లో నఖశిఖ పర్యంతం వర్ణన ఒక నియమం. ముక్కు మీద చెప్పిన పద్యం వల్ల ఒక మహాకవికి ముక్కు తిమ్మన అన్న పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఆ వర్ణనలన్నిటిలో స్త్రీ చూడబడేది మాత్రమే. అద్దం ముందు కూర్చుని అలంకరించుకునే నాయికకు చెలికత్తెలుంటారు. ఆ చెలికత్తె చేతులు నొప్పి పుట్టాయని ఏ కవీ చెప్పలేదు.

ఈ చూపును మొదట తిప్పినవాడు గురజాడ. 1892లో మొదటిసారి ప్రదర్శితమైన కన్యాశుల్కంలో అలంకరణ గురించి రెండు విరుద్ధ స్థితులు పక్కపక్కనే ఉన్నాయి. మధురవాణికి అలంకరణ వృత్తిధర్మం. తన ముఖం తన పెట్టుబడి అని ఆమెకు స్పష్టంగా తెలుసు. ఎదుటివాడి బలహీనత ఎంతో కూడా తెలుసు. బుచ్చమ్మ బాలవితంతువు. ఆమెకు లోకం అలంకరణను నిషేధించింది. ఒకరికి తప్పనిసరి, మరొకరికి నిషిద్ధం. ఇద్దరికీ ఆ నిర్ణయం చేసింది వాళ్ళు కాదు. గురజాడ మధురవాణి సింగారాన్ని ఆమె దుర్గుణానికి గుర్తుగా వాడుకోలేదు. నాటకంలో అందరికంటె తెలివిగా ఆలోచించే మనసును ఆమెకే ఇచ్చాడు. నూట ముప్పై ఏళ్ళ తర్వాత మన కథకులు లిప్‌స్టిక్కు చూసి స్త్రీ శీలాన్ని నిర్ణయిస్తుంటే, మనం ముందుకు నడిచినట్టా, వెనక్కి నడిచినట్టా?

1993లో వచ్చిన ఓల్గా రాజకీయ కథలు స్త్రీ శరీరం చుట్టూ ఉన్న అధికారాన్నే వస్తువుగా తీసుకున్నాయి. ముక్కుపుడక, జడ, కళ్ళు, ఇలాంటివి కూడా రాజకీయమేనని తెలుగు పాఠకులు అప్పుడు గుర్తించారు. ఆ దారిలో ఇంకా నడవవలసింది చాలా ఉంది. ముఖ్యంగా అలంకరించుకునే స్త్రీని, అలంకరించే స్త్రీని ఒకే కథలో, ఒకే గదిలో ఎదురెదురుగా నిలబెట్టే పని మిగిలి ఉంది.

అలంకరణ పరిశ్రమను విమర్శించవద్దని నేను అనడం లేదు. 2025 మే నెలలో హైదరాబాదులో మిస్ వరల్డ్ పోటీలు జరిగాయి. పోటీదారులను ములుగు జిల్లా రామప్ప గుడికి తీసుకువెళ్ళినప్పుడు, అక్కడ స్త్రీలు నీళ్ళు పోసి వారి పాదాలు కడిగి తుడిచిన దృశ్యం అందరూ చూశారు. ఆగ్రహం వచ్చింది, రావలసిందే. కాని ఆ ఆగ్రహంలో చాలా భాగం కుర్చీలో కూర్చున్న అమ్మాయిల వైపు మళ్ళింది. ఆ కార్యక్రమాన్ని ఏర్పాటు చేసినవారెవరు, వ్యాపారం ఎవరిది, నేల మీద వంగి కూర్చున్న స్త్రీ ఇంటికి వెళ్ళి ఏమనుకున్నది? ఈ ప్రశ్నలు అడిగే కథ నాకింకా కనిపించలేదు.

విమర్శ గురి తప్పకూడదన్నదే నా మనవి. పార్లరుకు వెళ్ళే స్త్రీని వెక్కిరిస్తే కంపెనీకి నష్టం లేదు. ముఖాన్ని పనిముట్టుగా మార్చిన షాపు యజమానికీ, రంగుకు వెల కట్టిన పెళ్ళిబేరానికీ నష్టం లేదు. బాధపడేది ఆ సేల్సుగర్లు ఒక్కతే. ఆమె మన పత్రిక చదివితే, ఇది తన పత్రిక కాదనుకుంటుంది.

సబ్బుబిళ్ళ కూడా కవితావస్తువు కాగలదని శ్రీశ్రీ మనకు నేర్పాడు. బ్లీచు గిన్నె ఎందుకు కాకూడదు? రాయదలచుకున్న యువ రచయిత్రులు ఒకసారి ఆ గదిలోకి వెళ్ళి కూర్చోండి. పురుషులకు ప్రవేశం లేదని తలుపు మీద రాసి ఉంటుంది గనుక రచయితలు ఇంట్లో ఆడవాళ్ళను అడగండి, వాళ్ళు చెప్పేది అడ్డు రాకుండా వినండి. కుర్చీలో ఉన్న స్త్రీ ఎందుకు వచ్చిందో తెలుసుకోండి. ఆమె వెనక నిలబడ్డ స్త్రీ పొద్దున ఎన్నింటికి వచ్చిందో, ఎప్పుడు కూర్చుంటుందో, ఆమెకు ఎంత మిగులుతుందో తెలుసుకోండి. కథ ఆ తర్వాత రాయవచ్చు.